సగటు కింద ఒక్కడు కావలెను

రాష్ట్ర గోనెసంచుల సంస్థలో సంచులు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు గానీ, బేస్‌బాల్ జట్లు మాత్రం ఆరున్నాయని అందరికీ తెలుసు. ఎప్పుడో ఒక ఛైర్మన్‌గారు జనపనార సాగు చూసి రమ్మని పంపిస్తే విదేశాలు వెళ్లి, నార చూడటానికి తీరిక దొరక్క, బేస్‌బాల్ చూసి వచ్చారు. వచ్చిన నెల తిరక్కుండానే డిపోకొక జట్టు, జట్టుకు తొమ్మిదిమంది, మొత్తం యాభైనాలుగుమందిని ఆటగాళ్ల కోటాలో తీసుకున్నారు. తర్వాత ఆ ఛైర్మన్‌గారు వెళ్లిపోయారు, ఆట మాత్రం ఉండిపోయింది.

ఆ యాభైనాలుగుమందిలో ఇజ్జాడ తవిటినాయుడొకడు. విజయనగరం డిపో తరఫున పదకొండేళ్లుగా బ్యాటు పట్టుకుంటున్నాడు, పదకొండేళ్లుగా టెంపరరీగానే పట్టుకుంటున్నాడు. పర్మనెంటు చేసే ఫైలు ఇదిగో కదిలింది, అదిగో కదిలింది అంటూ ఉన్నచోటే ఉంది. ఆఫీసువాళ్లు ఆ సంగతి మరిచిపోయినా, మామగారు గురువులు మాత్రం ఒక్కరోజూ మరిచిపోలేదు. ఏ పెళ్లికి వెళ్లినా రైల్వేలో పనిచేసే పెద్దల్లుణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టి, తవిటినాయుణ్ణి చూపించి, "ఈడు మా టెంపరీ అల్లుడు" అని పదిమందికీ చెప్పేవాడు.

"పదకొండేళ్లయిపోనాది గదా, ఇంకా టెంపరీ ఏటి మావా?" అని తవిటినాయుడు ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఆర్డరొచ్చినాదా? వొచ్చిన్నాడు మానేత్తాన్లే. ఇప్పుడు మాత్రం కూరల కాడికెల్లి సూసుకో నాయినా" అన్నాడు గురువులు.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. బ్యాటు పట్టుకుని నిలబడ్డ ప్రతిసారీ ఒక వంతు. బంతిని కొట్టి, అది వెనక్కి వచ్చేలోగా క్షేమంగా మొదటి గడికి పరుగెత్తితే ఒక దెబ్బ. పది వంతుల్లో మూడు దెబ్బలు కొట్టినవాడికి దండలు వేస్తారు. ఏడుసార్లు తప్పి కూడా దండ వేయించుకోగల ఆట ఇంకోటి ఉంటే నాకు తెలియదు. తవిటినాయుడు ఈ పదకొండేళ్లలో సరిగ్గా వెయ్యి వంతులు పూర్తి చేశాడు. అందులో దెబ్బలు రెండొందల అరవై ఎనిమిది. ఏ దెబ్బ ఏ ఊళ్లో ఎవరి బంతికి కొట్టాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు, అడిగేవాళ్లే ఉండేవారు కాదు.

అలాంటి రోజుల్లో వచ్చారు వేమవరపు దక్షిణామూర్తిగారు. హోదా, ఉపసంచాలకులు (క్రీడలు మరియు ఖాళీ సంచులు). వచ్చిన మూడోరోజే ఆరు జట్లనూ మైదానంలో నిలబెట్టి సర్క్యులర్ చదివారు.

"సంస్థ యందలి ఏ క్రీడాకారుడును లీగు సగటుకు దిగువన ఉండరాదు. దిగువన ఉన్నవారిని సగటు చెడగొట్టువారిగా పరిగణించి తక్షణమే ఖాళీ సంచులు దులుపు విభాగమునకు బదలాయించవలెను. అట్టివారి పర్మనెంటు ఫైళ్లు అంతటితో మూసివేయవలెను. ఇందు ఎవరికినీ, ఎట్టి మినహాయింపునూ లేదు." కళ్లజోడు తీసి మామూలు భాషలోకి దిగారు. "అందరూ సగటు కన్నా పైనే ఉండాలి. ఇదే మన ఆశయం. ఇది సాధ్యమేనా అని కొందరు గుసగుసలాడుతున్నారు. వాళ్ల పేర్లు నేను రాసుకుంటున్నాను."

లెక్కలు రాసే స్కోరరు లీలాకుమారి చెయ్యెత్తింది. "సార్, కిందివాళ్లను తీసేస్తే సగటు పైకి జరుగుతుంది కదండీ?"

"జరగాలనే కదమ్మా మనం ఇంత పాటుపడుతున్నది!" అన్నారు ఉపసంచాలకులు. అందరూ చప్పట్లు కొట్టారు.

మొదటి లెక్కలో లీగు సగటు వెయ్యికి రెండొందల యాభై ఒకటి వచ్చింది. తవిటినాయుడిది రెండొందల అరవై ఎనిమిది. అమ్మయ్య! ఇంటికి ఖాజాల పొట్లం పట్టుకెళ్లి పెళ్లాం పైడమ్మ చేతిలో పెట్టాడు. పాతికమంది దులుపు విభాగానికి వెళ్లిపోయారు. వాళ్లలో తవిటినాయుడి నేస్తం గొర్లె సూర్యం కూడా ఉన్నాడు. సూర్యం బంతి విసరడంలో మొనగాడు. అతను విసిరితే బంతి కనపడదు, చప్పుడొక్కటే వినపడుతుంది. బ్యాటు మాత్రం చీపురుకట్ట పట్టుకున్నట్టు పట్టుకుంటాడు, సగటు నూటనలభై. "బంతి ఇసరడానికి తీసుకుని బ్యాటు సూసి తీసీడమేటి బాబూ?" అని అడిగితే, విసరడానికి సగటు లేదని చెప్పారు.

మర్నాడు లీలాకుమారి మిగిలిన ఇరవై తొమ్మిదిమందికీ మళ్లీ లెక్క కట్టింది. ఈసారి సగటు రెండొందల తొంభై ఒకటికి ఎక్కి కూర్చుంది.

"అమ్మా, నానేటి సేసాను? నిన్న పైనున్నోణ్ణి, తెల్లారీసరికి కిందికెలగొచ్చీసేను?" అన్నాడు తవిటినాయుడు లెక్కల గది కిటికీ పట్టుకుని.

"మీరేం చెయ్యలేదండి. మీ కింద ఉన్నవాళ్లు వెళ్లిపోయారు, అంతే. ఆరోజే చెప్పాను, వినలేదు" అంది లీలాకుమారి. పాపం, ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

అలా తవిటినాయుడు దులుపు షెడ్డుకు చేరాడు. అక్కడ పని తేలికే. పొద్దున్న కుడిపక్క సంచులు దులిపితే దుమ్ము ఎడమపక్క సంచుల మీద పడుతుంది. మధ్యాహ్నం ఎడమపక్కవి దులిపితే కుడిపక్కకు వస్తుంది. తవిటినాయుడికి దుమ్ముతో పేచీ లేదు. ఫైలు మూసేశారన్నదే మనసులో ముల్లయింది. ఇక జన్మకు పర్మనెంటు లేదు, మామగారి నోట ఆ మాటా పోదు.

లెక్క మాత్రం ఆగలేదు. ఇరవై తొమ్మిదిమంది పదహారయ్యారు, పదహారుమంది తొమ్మిదయ్యారు. ఆరు జట్ల లీగులో ఒకే ఒక్క జట్టుకు సరిపడా మనుషులు మిగిలారు. పై ఆఫీసు నుంచి ఉపసంచాలకులవారికి ఇత్తడి జ్ఞాపిక వచ్చింది. 'అతి తక్కువ కాలంలో అత్యధిక సగటు' అని దానిమీద చెక్కించారు. ఆయన దాన్ని బల్లమీద ఫోన్ పక్కన పెట్టుకున్నారు.

తొమ్మిదిమందికి లెక్క కడితే మూడొందల పదహారు చిల్లర వచ్చింది. అయిదుగురు దానికి కిందున్నారు. అందరికన్నా కింద, మూడొందల పది దగ్గర, నిరంజన్ అనే అతనున్నాడు. ఈ నిరంజన్ ఉపసంచాలకులవారి భార్యకు స్వయానా తమ్ముడు.

ఆ పూట తవిటినాయుడు ఉపసంచాలకులవారి గదిలో కర్టెన్లు దులుపుతున్నాడు. అందుకే ఈ సంగతంతా మనదాకా వచ్చింది.

"లెక్క తప్పమ్మా" అన్నారు దక్షిణామూర్తిగారు.

"మూడుసార్లు కట్టానండి."

"నాలుగోసారి కట్టు. మా నిరంజన్ సగటు కింద ఉండటం ఏమిటి? నిన్నటిదాకా పైన ఉన్నాడు కదా!"

"నిన్నటిదాకా అందరూ పైనే ఉన్నారండి, మొన్నటివాళ్లతో పోలిస్తే" అంది లీలాకుమారి.

ఉపసంచాలకులు లేచి జ్ఞాపిక వైపు ఒకసారి, ఫోన్ వైపు ఒకసారి చూశారు. జ్ఞాపిక పై ఆఫీసు ఇచ్చింది, సర్క్యులర్ వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. ఫోన్ ఇంటి నుంచి పొద్దుటినుంచి మోగుతూనే ఉంది. లీలాకుమారికి జాలేసినట్టుంది. "అందరూ సగటు కన్నా పైన ఉండటం కుదరదండి. ఒక్కడు బాగా కింద ఉంటే తప్ప" అనేసింది.

"ఆగు. ఒక్కడు కింద ఉంటే?"

"మిగతా తొమ్మిదిమందీ పైనే ఉంటారండి. ఊరికే చెప్పాను, మీరు అలా చెయ్యకండి."

దక్షిణామూర్తిగారు కుర్చీలో కూలబడి, "విప్లవాత్మకం!" అన్నారు.

మర్నాడే నోటీసు బోర్డు మీద ప్రకటన పడింది. 'ప్రామాణిక నిమ్న క్రీడాకారుడు. పోస్టు ఒకటి. పర్మనెంటు. విధి: సగటుకు దిగువన ఉండుట. అర్హత: బ్యాటు పట్టుటలో కనీసం వెయ్యి వంతుల అనుభవము.' పర్మనెంటు అన్న ముక్క చూసి షెడ్డు షెడ్డంతా కదిలింది. అందరికన్నా ముందు సూర్యం వెళ్లి నిలబడ్డాడు.

"నన్నెట్టుకోండి బాబూ. నూటనలబై. నాను పుట్టడమే కిందన పుట్టేను."

"చూడవోయ్, నీది సహజ నిమ్నత్వం. అందులో నీ కృషి ఏముంది?" అన్నారు ఉపసంచాలకులు మందలింపుగా. "పైగా నీవి నాలుగొందల వంతులే. బాధ్యత గల పోస్టులో అనుభవం లేనివాణ్ణి కూర్చోబెడితే రేపు ఆడిట్‌కు నేనేం చెప్పను?"

వెయ్యి వంతులు ఆడినవాడు సంస్థ మొత్తం మీద ఒక్క తవిటినాయుడే. అతణ్ణి పిలిచి కూర్చోబెట్టారు కూడా. లీలాకుమారి తలొంచుకుని లెక్క చెప్పింది. నిరంజన్‌గారు పైన ఉండాలంటే తవిటినాయుడు రెండొందల యాభైకి కిందికి దిగాలి. ఇప్పుడు రెండొందల అరవై ఎనిమిది మీద ఉన్నాడు. దిగాలంటే వరసగా డెబ్భైమూడు వంతులు, ఒక్క దెబ్బ కూడా తగలకుండా ఆడాలి.

"డెబ్బైమూడా!" అన్నాడు తవిటినాయుడు.

"డెబ్భైమూడోది పూర్తయిన క్షణం ఆర్డరు నీ చేతిలో ఉంటుంది. నువ్వు సాధించగలవు. నీలో ఆ శక్తి ఉంది" అని ఉపసంచాలకులు భుజం తట్టారు.

పైడమ్మకు చెబితే ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"కొట్టకుండా ఉంటే పర్మనెంటు సేత్తారా? ఇదెక్కడి ఇడ్డూరం! నువ్వు కొడతావనే గదా నాను నిన్ను సేసుకున్నాను. ఆవేల మా ఊరి బళ్లో ఆటకొచ్చి, బంతిని మా పెంకుటిల్లు మీద పారీలేదేటి? రెండు పెంకులు పగిలిపోనాయి."

"మీ అయ్య ఇంకా ఆ పెంకుల మాటే అంటాడు. ఆర్డరొత్తే ఆ నోరు మూతడిపోద్ది పైడీ. డెబ్బైమూడంటే ఎంత, నెలా నెలన్నర."

"నాను సూడలేను బాబూ. సూడమని నన్నడక్కు" అంది పైడమ్మ.

ఆటలు మొదలయ్యాయి. ఆ తొమ్మిదిమందీ బ్యాటు పట్టుకుంటే ఎక్కడ సగటు దిగిపోతుందోనని ఉపసంచాలకులు ముందే జాగ్రత్తపడి, వాళ్ల బ్యాట్లు బీరువాలో పెట్టించి తాళం వేయించారు. వాళ్లు మైదానం పక్కన కుర్చీల్లో కూర్చుని మజ్జిగ తాగేవారు. బంతి విసరడానికి, పట్టుకోవడానికి దులుపు విభాగం నుంచి మనుషుల్ని డిప్యుటేషన్ మీద రప్పించారు. ఆ విధంగా సంస్థలోకెల్లా గొప్ప ఆటగాళ్లు చూస్తూ ఉండగా, ఆడే పనంతా ఆడకూడనివాడి మీద పడింది.

కొట్టడం కన్నా కొట్టకుండా ఉండటం కష్టమని తవిటినాయుడికి మొదటి రోజే తెలిసొచ్చింది. పదకొండేళ్లు అలవాటు పడ్డ చేతులాయె, బంతి కనిపిస్తే ఆగవు. కళ్లు మూసుకున్నాడు. చప్పుడు విని చేతులు లేచాయి. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. పదిహేడో వంతులో ఖర్మ కాలి, సూర్యం విసిరిన బంతి వచ్చి ఊరికే పట్టుకున్న బ్యాటుకు తగిలి, గడ్డిలో దొర్లుతూ పోయింది. పట్టుకోవలసినవాడు దుమ్ముకు తుమ్ముతూ ఉండిపోయాడు. తవిటినాయుడు పొరపాటున పరుగెత్తి మొదటి గడి మీద నిలబడ్డాడు కూడా!

వెంటనే విచారణ సంఘం కూర్చుంది. రెండురోజులు కూర్చుని, బంతి వచ్చి బ్యాటుకు తగిలినదే గానీ బ్యాటు వెళ్లి బంతికి తగలలేదనీ, కావున ఇది దెబ్బ కిందకు రాదనీ, పరుగు మాత్రం ఉద్యోగి ఆరోగ్యరీత్యా చేసిన వ్యాయామమనీ తేల్చింది. తుమ్మినవాడికి హెచ్చరిక జారీ అయింది.

ముప్ఫై వంతులు గడిచాయి, యాభై గడిచాయి. ఊళ్లో జనం గోడెక్కి చూసి నవ్వేవారు. "ఏటి నాయుడా, బంతి కనబళ్లేదేటి? కళ్లజోడెట్టించమన్నావా?" అని టీకొట్టు దగ్గర అడిగేవారు. తవిటినాయుడు నవ్వి ఊరుకునేవాడు గానీ, ఇంటికి వచ్చాక అన్నం సయించేది కాదు. వెయ్యి వంతుల్లో ఏడొందల ముప్ఫైరెండుసార్లు తప్పినవాడికి తప్పడం కొత్తకాదు. అవన్నీ కొడదామని చూసి తప్పినవి. ఇవి అలాంటివి కావు, అందుకే ఏడుపొచ్చేది.

డెబ్భైమూడో వంతు శుక్రవారం పడింది. షామియానా వేశారు, మైకు పెట్టారు, శాలువా తెచ్చారు. ఆర్డరు ఇచ్చే వేడుకకు మామగారు గురువులు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పక్కనే పైడమ్మ. పది గంటలకు మొదలు కావలసిన ఆట, ఉపసంచాలకులవారి ఉపన్యాసం నిమ్నత్వం యొక్క ఔన్నత్యం మీదుగా సాగి సాగి, పదీ ఇరవై దాటినా మొదలు కాలేదు. అప్పుడాయన గడియారం చూసుకుని ఉలిక్కిపడ్డారు.

"జగ్గారావుగారూ! పదిన్నరకు రాహుకాలం కదూ?"

జగ్గారావు ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు. ఫైళ్లూ పంచాంగమూ రెండూ ఆయన దగ్గరే ఉంటాయి. "అవునండి. పన్నెండు దాకానండి. ఆపైన మంచి ఘడియ మళ్లీ సోమవారమే" అన్నాడు.

"అయితే ఆర్డరు ఇప్పుడే ఇచ్చేద్దాం. శుభమా అని పర్మనెంటు చేస్తూ రాహుకాలంలో ఇస్తామా! ఒక్క వంతే కదా, అయిపోయినట్టే."

పదీ ఇరవై ఏడుకు శాలువా కప్పారు. జగ్గారావు ఆర్డరు పైకి చదివాడు. 'ఈ క్షణము నుండి పర్మనెంటు.' తవిటినాయుడు రెండు చేతులా అందుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. శాలువా తీసి కుర్చీ మీద వేసి, బ్యాటు పట్టుకుని నడిచాడు.

ఎదురుగా సూర్యం బంతి పట్టుకుని నిలబడ్డాడు. "ఇదాకరిదిరా తవిటీ. దాటించీ, ఎలిపోదాం" అన్నాడు. తవిటినాయుడు అలవాటుగా దూది కోసం జేబులో చెయ్యి పెడితే ఆర్డరు తగిలింది. ఒకసారి షామియానా వైపు చూశాడు. మామగారు కన్నార్పకుండా చూస్తున్నాడు. పైడమ్మ మాత్రం మొహం పక్కకు తిప్పుకుని, ఎక్కడో షెడ్డు రేకులకేసి చూస్తోంది. డెబ్భైరెండు వంతులూ ఆమె చూడలేదని, ఇది కూడా చూడదని అతనికి అర్థమైంది. అక్కడ గుండె మండింది.

"ఓలె పైడీ!" అని మైదానం అదిరేలా అరిచాడు. "ఇటు సూడే!"

సూర్యానికి సంగతి తెలిసిపోయింది. పళ్లన్నీ కనిపించేలా నవ్వి, నెల పదిహేనురోజులుగా దాచుకున్న బలమంతా పెట్టి, నడుం ఎత్తున తిన్నగా విసిరాడు.

ఆ దెబ్బ చప్పుడు టీకొట్టు దాకా వినిపించిందట. బంతి డిప్యుటేషన్ వాళ్ల తలల మీంచి, మజ్జిగ తాగుతున్న తొమ్మిదిమంది మీంచి, కంచె మీంచి వెళ్లి, దులుపు షెడ్డు రేకుల మీద ధన్‌మని పడింది. తవిటినాయుడు నాలుగు గడులూ చుట్టి వచ్చాడు. పట్టుకోవలసినవాళ్లందరూ డ్యూటీ మరిచిపోయి చప్పట్లు కొట్టారు. పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

లీలాకుమారి పెన్సిలు పరుగెత్తింది. "రెండొందల యాభై చిల్లర సార్. లీగు సగటు మూడొందల పది మీద పిసరంత. నిరంజన్‌గారు సరిగ్గా మూడొందల పది."

"పిసరంతే కదా!"

"పిసరంతేనండి. కానీ మీ సర్క్యులర్‌లో ఎవరికీ ఎట్టి మినహాయింపూ లేదండి."

"ఆర్డరు ఇటివ్వు!" అని ఉపసంచాలకులు తవిటినాయుడి మీదికి వచ్చారు. జగ్గారావు నెమ్మదిగా అడ్డం వచ్చాడు.

"పర్మనెంటు అయిపోయాడండి. ఇప్పుడు తియ్యాలంటే ముందు మెమో ఇవ్వాలి. దానికి సంజాయిషీ, ఆపైన విచారణ అధికారి, ఆయనకు బదిలీ అయితే ఇంకో అధికారి. తమరి రిటైర్మెంటు ఎప్పుడండీ?"

"వచ్చే మార్చిలో."

"అయితే తమరు చూడక్కర్లేదులెండి."

దక్షిణామూర్తిగారి గొంతు మెత్తబడింది. "నాయనా తవిటినాయుడూ..." అని, లీలాకుమారి వైపు తిరిగి, "ఇంకెన్ని తప్పితే సరిపోతుందమ్మా?" అన్నారు.

"నాలుగు చాలండి" అంది లీలాకుమారి.

"నాలుగంటే నాలుగు. నా మాట మీద వదిలెయ్యి బాబూ."

"పర్మనెంటోణ్ణి బాబూ" అన్నాడు తవిటినాయుడు వినయంగా. "టెంపరీగా ఉన్నప్పుడంటే ఒగ్గీసేను. ఇంక ఒక్క వొంతూ ఒగ్గను."

ఫోన్ చేతపట్టుకుని నిరంజన్ అప్పుడే అక్కకు చెప్పడం మొదలుపెట్టాడు. రాహుకాలం అని కూడా చూడకుండా, ఉపసంచాలకులు ఆహ్వానపత్రిక వెనకవైపు అప్పటికప్పుడు రాసి సంతకం చేశారు. 'సగటు అనునది ఉద్యోగుల మధ్య హెచ్చుతగ్గులకు కారణమగుచున్నందున, సంస్థ యందు నేటి నుండి సగటును రద్దు చేయడమైనది. సగటు లేనందున దానికి దిగువన ఎవరును లేరు. కావున దులుపు విభాగమునకు బదలాయింపబడిన వారందరును తమ తమ జట్లకు తిరిగి చేరవలెను. మూసిన ఫైళ్లు తెరవవలెను.' సూర్యం బంతి అక్కడే వదిలేసి, పిల్లిమొగ్గలు వేశాడు. ఈ సంస్కరణకు గాను పై ఆఫీసు నుంచి వారం లోపల రెండో జ్ఞాపిక వచ్చింది.

తవిటినాయుడు చెమటతో తడిసిన ఆర్డరు జేబులోంచి తీసి, మడతలు విప్పి, మామగారి ముందు పెట్టాడు. పదకొండేళ్లుగా ఈ ఘడియ కోసం ఎన్నిసార్లు కలలు కన్నాడో! గురువులు ఆ కాగితం వైపు చూడనేలేదు. పక్క కుర్చీ ఆసామీని పట్టుకుని ఊపేస్తున్నాడు.

"సూసినావా? ఆ కొట్టినోడు మా అల్లుడు!"

"మీ టెంపరీ అల్లుడేనా?" అన్నాడా ఆసామీ.

"ఛ, టెంపరీ ఏటి! అలా కొట్టినోడు టెంపరీ అవుతాడేటి?" అని కసిరి, అల్లుడి వైపు తిరిగాడు.

"ఆర్డరు మావా" అని తవిటినాయుడు కాగితం ఇంకాస్త ముందుకు చాపాడు.

"కాయితం ఒగ్గీ నాయినా, తరవాత సూద్దాం. ముందు ఆ బంతేదీ? రేకు సొట్టడిపోనాదో లేదో సూసొద్దాం పద" అన్నాడు గురువులు.

మామా అల్లుళ్లిద్దరూ షెడ్డు వైపు నడిచారు. తవిటినాయుడు కుర్చీలో పెట్టేసిన ఆర్డరు అక్కడే ఉండిపోతే, పైడమ్మ తీసి జాగ్రత్తగా కొంగున ముడేసుకుంది.